సీనరేజి వివాదములు – న్యాయసమీక్ష

చిల్లకూరు, కోట ప్రాంతముల సముద్రతీర గ్రామములనుండి తెల్లని సిలికా ఇసుక లారీలకెక్కి దూరప్రాంతముల గాజు కర్మాగారములకు తరలిపోవుచుండగా, అందు సీనరేజి రుసుముగా, అనగా చిన్నతరహా ఖనిజములపై రాష్ట్రమునకు చెల్లించు రాయల్టీగా, ఖజానాకు చేరవలసిన ప్రజాధనమెంతయను ప్రశ్న గనులశాఖ కార్యాలయములతో ముగియక, తరచుగా న్యాయస్థానముల ద్వారములు తట్టుచుండును. 2015 ఫిబ్రవరిలో కేంద్రము సిలికాను, గూడూరు ప్రాంతమున దొరకు అభ్రకమును చిన్నతరహా ఖనిజములుగా ప్రకటించి వాటి రేట్లను నిర్ణయించు అధికారమును రాష్ట్రమునకు వదలినది. పదేండ్లకు అభ్రకమును మరల ప్రధాన ఖనిజములలో చేర్చినది.

2024 జూలై 25న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, జస్టిస్ నాగరత్న ఒక్కరు విభేదింపగా, రాయల్టీ పన్ను కాదనియు, అది ఖనిజహక్కునకై కౌలుదారు చెల్లించు ప్రతిఫలమనియు నిర్ణయించి, 1989 నాటి ఇండియా సిమెంట్సు తీర్పును త్రోసిపుచ్చినది. ప్రతిఫలమన్నచో యజమానికి లెక్క అడుగు హక్కు కలదు గదా!

రాజ్యాంగము 226వ అధికరణము క్రింద హైకోర్టు సాధారణముగా రేటు యొక్క మంచిచెడ్డలను తూచదు. అధికారి తన పరిధిని మీరెనా, ఎదుటి పక్షమును వినెనా, కారణములు వ్రాసెనా యని పరీక్షించును. ఈ సంయమనము యుక్తమే. అయినను, త్రవ్విన ఇసుక మరలి రాదు కావున, గనులశాఖ డిమాండు నోటీసుపై స్టే ఇచ్చునపుడు వివాదగ్రస్తమైన సొమ్ములో గణనీయ భాగమును జమచేయించుట, గుంతల కొలతలను వెంటనే తీయించుట అవశ్యకర్తవ్యములని నా దృఢాభిప్రాయము. ఆ ఉత్తర్వులును, కొలతలును తెలుగున గ్రామపంచాయతీలో ప్రకటింపవలయును. ఏలయన, డిమాండు నోటీసు కౌలుదారునకు అందును. ఆ గుంతల ప్రక్కనే కాపురముండు మత్స్యకారునకు అట్టి వివాదమొకటి నడచుచున్నదని చెప్పువారే లేరు.