చెదలు తినని వాక్యం

పాలమూరు జిల్లాలోని మా తాతగారింట అటక మీద ఒక ఇనుప ట్రంకుపెట్టె ఉండేది. ఇంటి కాగితాలన్నీ అందులోనే. పండుగకు ముందు ఇల్లు దులిపేటప్పుడు దానిని దించి, తుడిచి, తెరవకుండానే మరల పైకి ఎక్కించేవారు. అందులోని రాతలన్నీ ఉర్దూవి. మా తండ్రుల తరం తెలుగు బడులలో చదువుకున్నది. పెట్టె పట్ల భక్తి ఉండేది గాని, అందులో ఏమున్నదో ఎవరికీ తెలియదు.

మా మేనత్తను ఫుప్పమ్మ అని పిలిచేవారం. ఆమె భర్త మరణించిన ఏడాది ఆ పెట్టె తెరువవలసి వచ్చింది. మహర్ కింద తనకు చెరువు కింది రెండెకరాల తరి పొలం రాసి ఇచ్చారని ఆమె అన్నది. అత్తవారు కాదన్నారు. మసీదులోని వృద్ధ మౌల్వీసాబ్ కళ్లద్దాలు సవరించుకొని నికాహ్‌నామా చదివారు. రెండెకరాలన్న మాట ఉన్నది. ఏ పొలమో చెప్పే వరుసను మాత్రం చెదలు తినివేశాయి. పెద్దమనుషులు కూర్చొని గుట్ట పక్కనున్న రెండెకరాల చెల్కను ఆమె పేర చేయించారు. “నాకు రాసిచ్చింది ఇది కాదు బిడ్డా” అని ఫుప్పమ్మ చివరిదాకా అంటూనే ఉన్నది.

ఇటీవల చీనా చరిత్ర పుటలు తిరగేస్తుండగా చెదలు తిన్న ఆ వరుస మళ్లీ కళ్లముందు నిలిచింది. కాగితాన్ని లోకానికి ఇచ్చినది చీనా దేశమే కదా!

క్రీ.శ. 105లో హాన్ చక్రవర్తి కొలువులోని త్సాయ్ లున్ అనే అధికారి చెట్టు బెరడు, జనుము, చినిగిన గుడ్డలు, పాత చేపల వలలు కలిపి నలుగగొట్టి కాగితం చేసే పద్ధతిని చక్రవర్తికి నివేదించాడు. అంతకు పూర్వపు కాగితపు ముక్కలు కూడా తవ్వకాలలో లభించాయి. కనుక అతడు దానిని కొత్తగా కనిపెట్టాడనడం కన్న, అందరికీ అందే విధంగా చక్కదిద్దాడనడం సమంజసం. పారవేసిన గుడ్డపీలికే జ్ఞానానికి ఆధారమయింది.

క్రీ.శ. 751లో మధ్య ఆసియాలోని తలాస్ నది ఒడ్డున అబ్బాసీ సేనలకు, థాంగ్ చక్రవర్తి సేనలకు యుద్ధం జరిగింది. చీనా సైన్యం ఓడిపోయింది. పట్టుబడిన చీనీయులే సమర్‌ఖండ్‌కు కాగితపు విద్యను తెచ్చారని తరువాతి ముస్లిం గ్రంథకర్తలు రాశారు. ఆ ప్రాంతంలో కాగితం అంతకు ముందే వాడుకలో ఉన్నదని నేటి చరిత్రకారుల అభిప్రాయం. ఏమయినా ఆ శతాబ్దం ముగిసేలోగా బాగ్దాదులో కాగితం తయారు కాసాగింది. అక్కడ కాగితాలు, గ్రంథాలు అమ్మేవారికి ప్రత్యేకంగా ఒక బజారే వెలిసింది.

ఆ యుద్ధఖైదీలలో దూ హువాన్ అనే ఒక చదువరి ఉన్నాడు. దాదాపు పదేళ్లు ముస్లిం రాజ్యంలో గడిపి, 762లో వర్తకుల ఓడ ఎక్కి దక్షిణ చీనా రేవుకు చేరుకున్నాడు. తాను చూసినదంతా ఒక గ్రంథంగా రాశాడు. ఉన్నవారు, లేనివారు అనే భేదం లేకుండా ఇక్కడివారు రోజుకు అయిదుసార్లు ప్రార్థన చేస్తారని, పంది మాంసం తినరని, మద్యం ముట్టరని, స్త్రీలు బయటికి వచ్చేటప్పుడు ముఖం కప్పుకుంటారని, వేలాది మంది పట్టే ప్రార్థనా మందిరం ఉన్నదని పేర్కొన్నాడు. కూఫాలో పనిచేస్తున్న చీనా చిత్రకారుల పేర్లు, నేతగాళ్ల పేర్లు సైతం నమోదు చేశాడు. గెలిచినవారిని గురించి ఓడినవాడు ద్వేషం లేకుండా రాసిన సాక్ష్యమిది.

కాని పాఠకులారా, దూ హువాన్ గ్రంథం నేడు లేదు. అది ఏనాడో నశించిపోయింది. అతని వంశంలోనే దూ యూ అనే పండితుడు ఉండేవాడు. 801లో పూర్తిచేసిన తన మహాగ్రంథంలో ఆ బంధువు రాతలోని కొన్ని భాగాలను ఎత్తి రాసుకున్నాడు. ఇప్పుడు మనకు మిగిలినవి ఆ కొన్ని వాక్యాలే. మూలం పోయినా నకలు నిలిచింది. ఇంటివాడొకడు చదివి, ఎత్తి రాసిపెట్టిన పుణ్యమది.

చీనాలో మరొక ఆచారం ఉండేది. అక్షరమున్న కాగితాన్ని తొక్కరాదు, పొట్లం కట్టరాదు, చెత్తలో వేయరాదు. వీధులలో పడిన రాతకాగితాలను ఏరి బుట్టలకెత్తి, వాటికోసం కట్టిన చిన్న ఇటుక గోపురాలలో గౌరవంగా కాల్చి, బూడిదను నీటిలో కలిపేవారు. ఇది చదివినప్పుడు మన ఇండ్లు గుర్తుకు రాలేదా? నేల మీద పడిన అరబీ కాగితాన్ని మన పెద్దలు తీసి, కళ్లకద్దుకొని గోడసందులో పెట్టేవారు. అది మంచి సంస్కారమే. అయితే అక్షరాన్ని గౌరవించడం వేరు, కాపాడడం వేరు. కళ్లకద్దుకున్న కాగితాన్ని చదవకుండా అటక ఎక్కిస్తే ఆ గౌరవం చెదల పాలవుతుంది.

మన నల్లగొండ సరిహద్దులో, నాగార్జునసాగర్ జలాశయం నడుమనున్న నాగార్జునకొండకు చెందిన ఒక శిలాశాసనం దీనికి మరో పార్శ్వం చూపుతుంది. క్రీ.శ. మూడవ శతాబ్దంలో బోధిసిరి అనే బౌద్ధ గృహిణి తాను చేసిన కట్టడాలను, దానాలను ప్రాకృత భాషలో చెక్కించింది. సింహళ ఆచార్యులు ధర్మం వ్యాపింపజేసిన దేశాల వరుసలో కాశ్మీరం, గాంధారాలతోపాటు చీనా పేరు కూడా అందులో ఉన్నది. ఒక స్త్రీ ఏమి ఇచ్చిందో పదిహేడు శతాబ్దాల తరువాత కూడా మనం చదవగలుగుతున్నాం. మా ఫుప్పమ్మకు ఏమి ఇచ్చారో మాత్రం యాభై ఏళ్లకే చదవలేకపోయాం.

దివ్యఖుర్ఆన్ తొలి అవతరణలోనే చదువు ప్రస్తావన, కలం ప్రస్తావన ఉన్నాయి. దానిలోని అతి సుదీర్ఘమైన వాక్యం (అల్ బఖరా: 282) అప్పు ఒప్పందాన్ని రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని ఆదేశిస్తున్నది. వీలునామా రాయవలసినది ఏదైనా ఉన్న విశ్వాసి, అది రాయకుండా రెండు రాత్రులు గడపరాదని దైవప్రవక్త (స) బోధించారు. రాత అనేది మనకు పండితుల విషయం కాదు, హక్కుల విషయం. ముఖ్యంగా ఆడబిడ్డల హక్కుల విషయం.

తెలంగాణలో ఈ మాటకు మరింత బరువున్నది. నిజాం పాలనలో సేత్వార్లు, ఇనాం కాగితాలు, నికాహ్‌నామాలు ఫార్సీలోనో ఉర్దూలోనో ఉండేవి. కోరుట్ల చేతికాగితం ఆనాడు పేరు పొందినది. తాతలు గట్టి కాగితం మీద రాసిపెట్టినదాన్ని మనుమలు చదవలేని కాలం వచ్చింది.

ఈ నెలలోనే ఒక శుక్రవారం మీ ఇంటి పెట్టె తెరవండి. ఉర్దూ తెలిసిన పెద్దవారిని పిలిచి ప్రతి కాగితాన్నీ చదివించండి. ఎవరిది, ఎప్పటిది, దేనికి సంబంధించినది అన్నది తెలుగులో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఫొటోలు తీసి ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంచండి. చదివేటప్పుడు కొడుకులతోపాటు కూతుళ్లను, కోడళ్లను కూడా కూర్చోబెట్టండి. పిల్లలలో ఒకరికైనా ఉర్దూ అక్షరాలు నేర్పించండి. ఖైదీగా దూరదేశం వెళ్లినవాని మాటను నిలబెట్టినది ఎత్తి రాసిన బంధువే. మన ఇంటివారి మాటను నిలబెట్టవలసినది మనమే.

ఫుప్పమ్మ చెల్కలో ఇప్పుడు ఆమె మనుమరాలు కంది వేస్తున్నది. ఆ భూమి కాగితాన్ని ఆమె తెలుగులో స్వయంగా ఎత్తి రాసి, సర్వే నంబరు కింద రెండు గీతలు గీసి పెట్టుకున్నది.