తుపాకీ పెట్టె తాళాలు రెండూ ఒక్కరి దగ్గర ఉండకూడదు

టమోటా ధర గురించి రాయమని చాలామంది అడుగుతా ఉన్నారు. అది ఇంకో రోజు రాస్తా. ఈ రోజు తుపాకీ పెట్టె గురించి. తుపాకీ లేనోళ్లు కూడా చివరిదాకా చదవండి, మీ ఇంటికి సంబంధించిన మాట ఒకటి ఉంది.

మా ఊరు మదనపల్లె వైపు, అడవికి ఆనుకొని ఉంటుంది. చెనక్కాయ ఊడలు దిగి కాయ పట్టేటప్పటికి అడవిపందులు దిగుతాయి. ఒక మంద చేన్లో పడిందంటే తెల్లారేసరికి అరెకరా తవ్వి పోస్తుంది. మా నాయన కాలం నుంచి పంట కాపలాకని లైసెన్సు తుపాకీ ఉంది మా ఇంట్లో. మూతి నుంచి మందు కూరే ఒంటి గొట్టం తుపాకీ. నాయన పోయినాక అర్జీ పెట్టి నా పేరుకు మార్పించుకున్నా. పందిని చంపడానికి కాదు, దానికి ప్రభుత్వ అనుమతి వేరే ఉండాల. పైకి ఒకసారి కాలిస్తే ఆ శబ్దానికి పోతాయి.

మొన్న తెలిసిన తమ్ముడొకడు ఫోన్ చేసి, "అన్నా, తుపాకీకి ఇనుప పెట్టె చేయించాలనుకుంటున్నా. ఎట్లాంటిది చేయించాల, ఇంట్లో యాడ పెట్టాల?" అని అడిగినాడు. అందరూ దొంగల గురించి ఆలోచించి పెట్టె చేయిస్తారు. నా అభిప్రాయం వేరే. దొంగ కంటే ముందు ఆ పెట్టె లైసెన్సు ఉన్న మనిషి నుంచే తుపాకీని కాపాడాల. ఎందుకో చెప్తాను.

మా నాయన ఉన్నప్పుడు తుపాకీ తలుపు పక్కన మేకుకు వేలాడుతా ఉండేది. నేనూ అట్లే ఉంచినా. 2019 ఎన్నికలప్పుడు కోడ్ రాగానే అందరిలాగే నేనూ స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకున్నా. పోలింగ్ ఏప్రిల్ 11న అయిపోయింది, కౌంటింగ్ ఏమో మే 23కి. ఆ మధ్య తుపాకీ స్టేషన్లోనే ఉంది. ఆ రోజుల్లోనే పక్క చేను ఆయనతో గెనిమ తగాదా వచ్చింది. ట్రాక్టరుతో గెనిమను మా వైపుకు దున్నేసినాడు. మాటా మాటా పెరిగింది. పోయిన మా నాయన్ను ఒక మాట అన్నాడు.

ఇంటికొచ్చినా. కాళ్లు కూడా కడుక్కోలేదు. నేరుగా తలుపు పక్కకు పోయి చెయ్యి పెట్టినా. మేకు ఉంది, తుపాకీ లేదు. స్టేషన్లో ఇచ్చిన సంగతి ఆ కోపంలో నాకు గుర్తే లేదు. ఆ మేకు పట్టుకొని ఎంతసేపు నిలబడినానో తెలీదు. నా భార్య చెంబుతో నీళ్లు తెచ్చి చేతికిచ్చింది, ఏమీ అడగలేదు. తాగి అరుగు మీద కూర్చున్నా. తర్వాత సర్వేయరు వచ్చి కొలిస్తే తేడా అడుగున్నర. అందులో సగం తప్పు మాదే అని తేలింది. పోయిన సంవత్సరం మా పాప పెళ్లికి అదే మనిషి బియ్యం మూట భుజాన వేసుకొని వచ్చినాడు. ఆ మూట చూసినప్పుడు నాకు మేకు గుర్తొచ్చింది. ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఆయన కూడా ఈ పోస్టు చదువుతాడేమో, చదవనీ.

తుపాకీ తిరిగి ఇంటికొచ్చిన వారంలోనే పెట్టె చేయించినా.

మనలో చాలామంది బట్టల బీరువాలో పెడతారు. బీరువా రేకు పల్చన, గడ్డపారతో ఒక్క పోటు పొడిస్తే తెరుచుకుంటుంది. పైగా దొంగ ముందు పోయేది బీరువా దగ్గరికే. దాని తాళంచెవి దేవుడి పటం వెనకాల ఉంటుందని ఇంట్లో ఆరేళ్ల పిల్లకి కూడా తెలుసు. నేను వెల్డింగ్ షాపులో 3 ఎం.ఎం. రేకుతో చేయించినా. మా తుపాకీ నాలుగున్నర అడుగులు, పెట్టె లోపల పొడవు ఐదు అడుగులు. మొత్తం 60 కేజీల దాకా వచ్చింది, కూలితో కలిపి 9,000 అయింది. తలుపు బందులు బయటికి కనిపిస్తే వాటిని కోసేస్తారు. అందుకని బందుల వైపు కూడా లోపలికి దూరే గడియ ముక్కలు పెట్టించండి. అంకెలు నొక్కే తాళం వద్దన్నా నేను. బ్యాటరీ అయిపోతే దాంతో ఎవరు పడతారు?

60 కేజీలంటే ఇద్దరు మనుషులు ఎత్తుకొని పోతారు. కాబట్టి గోడకు బిగించాల్సిందే. కాంక్రీటు, గట్టి ఇటుక అయితే యాంకర్ బోల్టులు నాలుగు చాలు. మాది రాయి, మట్టి గోడ, బోల్టు పట్టదు. గోడ అవతలిదాకా రంధ్రం వేసి, అవతల ఇనుప పట్టీ పెట్టి నట్లు బిగించినాము. అవతల వైపు కూడా మన ఇంటి లోపలి గదే అయ్యుండాల, వీధి కాదు.

చోటు విషయంలో, బచ్చలింటి గోడకు ఆనుకొని పెట్టొద్దు. చెమ్మకు రెండు వానాకాలాల్లో గొట్టం తుప్పు పడుతుంది. వంటింటి అటక మీద కూడా వద్దు, పొగ, వేడి. వరండాలో పెడితే వచ్చినోడల్లా "ఇదేంది?" అంటాడు, ఊరంతా తెలుస్తుంది. మేము పడుకునే గదిలో, తలుపు వెనక మూలలో, నేల నుంచి నాలుగు అంగుళాలు ఎత్తులో పెట్టినా. తోలు కవరులో, గుడ్డలో చుట్టి పెట్టకండి, ఆ కవరే చెమ్మ పీల్చి గొట్టానికి అంటిస్తుంది. నూనె రాసి ఊరికే నిలబెట్టండి. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి అప్పుడప్పుడు మారుస్తుండండి.

తుపాకీ మందు మాత్రం ఆ ఇనుప పెట్టెలో పెట్టొద్దు. గాలాడని ఇనుప పెట్టెలో మందు ఉండి, ఇంటికి నిప్పు అంటుకుంటే అది బాంబే. మందును కొయ్య పెట్టెలో, తాళం వేసి, వేరే గదిలో పొయ్యికి దూరంగా పెట్టాల. అదీ కొంచెమే.

ఇంకో ముఖ్యమైన సంగతి. మూతి తుపాకీ కూరి ఉందా లేదా అని చూస్తే తెలీదు. మా నాయన కూరే కడ్డీ మీద గీత గీసి పెట్టినాడు. ఖాళీ గొట్టంలోకి కడ్డీ దింపితే ఆ గీత మూతి దగ్గరికి వస్తుంది. గీత పైకి ఉందంటే లోపల మందు ఉన్నట్టే. పెట్టెలో పెట్టే ముందు ప్రతిసారీ కడ్డీ దింపి చూస్తాను. కూరిన తుపాకీ ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు.

ఇప్పుడు అసలు మాట. నా పెట్టెకు తాళాలు రెండు. ఒకదాని చెవి నా మొలతాడుకు ఉంటుంది, రెండోది నా భార్య దగ్గర. ఒక చెవితో పెట్టె తెరుచుకోదు. లైసెన్సు లేని ఆమె ఒక్కతే తీయలేదు, లైసెన్సు ఉన్న నేనూ ఒక్కడినే తీయలేను. తీయాలంటే ఆమెను అడగాల. అడగాలంటే ఎందుకో చెప్పాల. నా తాళం రెండో చెవి మా బావమరిది ఇంట్లో, ఆమెది మా అక్క ఇంట్లో పెట్టినాము.

"రాత్రి పంది వస్తే భార్యను లేపుకుంటా కూర్చుంటావా?" అని మా ఊర్లో నవ్వినారు. కాపలాకు పోయే రోజు సాయంత్రమే తీసుకుంటాను, అప్పటికప్పుడు పరిగెత్తే పనేమీ ఉండదు. "ఇంట్లోకి దొంగ పడితే?" అంటారు కొందరు. నా లైసెన్సు పంట కాపలాకు. దొంగకు కుక్క ఉంది, అరిస్తే పక్కింటోళ్లు ఉన్నారు.

పెట్టె బిగించిన రోజు నా భార్య ఒక మాట అనింది. "దీనికి ఇన్ని తాళాలు వేస్తున్నారు. మరి మంచం కింద ఆ పురుగుమందు డబ్బాలో?" నా దగ్గర జవాబు లేదు. మా ఊర్లో తుపాకీతో పోయినోళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. మందు తాగి పోయినోళ్లవి నాలుగు పేర్లు చెప్పగలను, చెప్పను. అందరిదీ నేను మేకు పట్టుకొని నిలబడినలాంటి గడియే. వాళ్ల చేతికి మాత్రం డబ్బా అందింది. ఇప్పుడు మందులు ఇంట్లో లేవు. బోరు షెడ్డులో ఇంకో ఇనుప పెట్టె, దానికీ రెండు తాళాలు. అవసరమైనంతే కొంటాను, మిగిలేటంత తేను. మనసు బాగాలేని వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.

ఫోన్ చేసిన తమ్ముడికి ఇదంతా చెప్పినా. కాసేపు ఆగి, "అన్నా, నాకు భార్య పోయింది, కొడుకు బెంగళూరులో. రెండో చెవి ఎవరికియ్యాల?" అన్నాడు. పక్కింట్లో వాళ్ల పెద్దక్క ఉంటుంది, ఆమెకిమ్మన్నా. "ఆమె రోజూ తిడుతుంది కదన్నా" అన్నాడు. ఇంకా మంచిది అన్నాను.