నీరు మిట్ట ఎక్కితే

నీరు పల్లమెరుగు అన్నారు మన పెద్దలు. ఆ పెద్దలు ఈనాటి హైదరాబాదుకు వచ్చి చూస్తే ఏమనేవారో! అక్కడ నీరు పల్లానికి పోవడం మాని మిట్ట ఎక్కి వస్తున్నది.

మొదట్లో ఇలా లేదు. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి, నగరాన్ని ముంచెత్తి, వేలాది ప్రాణాలను పొట్టను పెట్టుకున్నది. మళ్ళీ అటువంటి ఉపద్రవం రాకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా మీద ఎగువన రెండు జలాశయాలు కట్టారు. 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తి అయినాయి. ఉస్మాన్‌సాగర్‌నే జనం గండిపేట అంటారు. వరదను ఆపడానికి కట్టినవే వూరికి మంచినీళ్ళూ పోశాయి. గండిపేట నీళ్ళు ఎవరూ ఎత్తిపోయనక్కరలేకుండా, వాలున దిగి నగరం చేరేవి.

ఊరు పెరిగింది. గండిపేట చాలలేదు. మంజీర తెచ్చారు, సింగూరు తెచ్చారు. అవీ చాలక ఈ శతాబ్దం మొదట్లో కృష్ణనూ, 2015లో గోదావరినీ తెచ్చారు. కృష్ణ నీళ్ళు నాగార్జునసాగర్ నుంచి నూరు కిలోమీటర్లకు పైగా గొట్టాలలో ప్రయాణం చేస్తాయి. సాగర్ నిండుకుండగా వున్నప్పుడు కూడా దాని నీటిమట్టం సముద్రమట్టానికి 180 మీటర్లే. హైదరాబాదు 500 మీటర్లకు పైన వున్నది. అంటే ప్రతి చుక్కనూ మూడువందల మీటర్లకు మించి పైకి ఎత్తాలి. వెయ్యి లీటర్లు అంత ఎత్తు ఎక్కించడానికి ఎంత లేదన్నా ఒక యూనిట్ కరెంటు కావాలి.

ఈ సంగతి తిరువూరులో కూర్చున్న నాకెందుకు అంటారేమో. సాగర్ ఎడమకాలువ చివరి భూములు మావైపే వున్నాయి. హైదరాబాదులో కాపురం వున్న మా వూరి అమ్మాయి కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళూ, ఇక్కడ ఆమె నాన్నగారు గట్టున నిలబడి ఎదురుచూసే నీళ్ళూ ఒకే జలాశయానివి. అయితే అక్కడ అమ్మాయి ఒక బిందె మిగిలిస్తే ఆ బిందె తిన్నగా తండ్రి పొలానికి రాదు. అలా చెబితే అబద్ధమవుతుంది. కాని ఆ నీళ్ళ వెల ఏమిటో మాత్రం తండ్రీ కూతుళ్ళిద్దరికీ తెలిసి వుండాలి.

మాకు పొరుగున ఏ.కొండూరు మండలం తండాలలో ఎందరో మూత్రపిండాల జబ్బుతో మంచం పట్టారు. అనుమానం బోరునీటి మీదికి పోయింది. కృష్ణనీటి కోసం ఆ తండాలవారు పడిన ఆరాటం ఎరిగినవాళ్ళెవరూ ‘మంచినీళ్ళప్రాయం’ అన్న మాట తేలికగా వాడలేరు.

బిందె చంకనెత్తి మోసుకొచ్చిన రోజులలో ఇల్లాలికి నీళ్ళ లెక్క వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. నడుమే చెప్పేది. కుళాయి వచ్చి ఆ బరువు తీసింది. సంతోషమే! బరువుతోపాటు లెక్క కూడా పోయింది. మురుగుకాలువల వసతి వున్న పట్టణాలలో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని ప్రభుత్వం అంచనా. పల్లెకు జలజీవన్ మిషన్ పెట్టిన లెక్క 55. బిందెకు 15 లీటర్లు అనుకుంటే, ఐదుగురున్న పట్నపు ఇంటికి రోజుకు 45 బిందెలు! మోయవలసి వస్తే ఏ ఇల్లాలైనా 45 బిందెలు మోస్తుందా? మోయనిస్తామా?

పోయిన లెక్కను ఇంట్లోకి మళ్ళీ పిలవడం కష్టమేమీ కాదు. కుళాయి నుంచి సెకనుకొక చుక్క కారితే రోజుకు నాలుగు లీటర్లు, నెలకు ఎనిమిది బిందెలు. వాషరు మార్చడానికి పట్టేది పావుగంట. పళ్ళు తోముకుంటున్నంతసేపూ కుళాయి వదిలేస్తే నిమిషానికి ఐదారు లీటర్లు పోతాయి. చెంబు పెట్టుకుంటే సరి. నీళ్ళు శుద్ధిచేసే ఆర్.ఓ. యంత్రం లీటరు మంచినీళ్ళకు రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. వాటిని పట్టి వుంచితే ఇల్లు తుడవడానికి వస్తాయి. ఉప్పు ఎక్కువ కనుక మొక్కలకు వద్దు. రాత్రి పట్టిన మంచినీళ్ళను పాచినీళ్ళని పొద్దున్నే పారబోసే ఆచారం ఇంకా చాలా ఇళ్ళలో వుంది. శుభ్రమైన బిందెలో మూత పెట్టిన నీళ్ళు ఒక్క రాత్రిలో చెడవు. ఇక వాన సంగతి. నూరు చదరపు మీటర్ల డాబా మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే 2,500 లీటర్లు. ఇంకుడుగుంత వుంటే అందులో ఎక్కువ భాగం మన నేలలోకే దిగుతుంది.

నీళ్ళ పొదుపు అనగానే ఆడవాళ్ళకు చెప్పే సలహా అనుకుని పేజీ తిప్పబోయే మగవారికి ఒక మనవి. మోటారు మీట నొక్కి, పేపరు చేతబట్టి, డాబా మీద ట్యాంకు పొంగి వీధిలోకి కారేదాకా కదలనివారు ఆడవారు కారు!

2021 జనవరిలో హైదరాబాదులో ఇంటికి నెలకు 20,000 లీటర్ల నీళ్ళు ఉచితమన్నారు. బీదసాదలకు అది మేలే. కాని బిల్లు రాలేదని ఖర్చు కాలేదనుకోరాదు. ఆ 20,000 లీటర్లను కృష్ణనుంచి మిట్ట ఎక్కించడానికి 20 యూనిట్లకు పైగా కాలింది. పూర్వం బిందె మోసిన నడుము పడిన శ్రమే ఇది. ఇప్పుడు ఎక్కడో మోటారు పడుతున్నది, మనకు కనిపించడం లేదు. అంతే తేడా.