బ్రోకరు సాఫ్ట్‌వేర్‌లో కులం గడి

ఇల్లు అద్దెకు అడిగితే ముందుగా ఎదురయ్యే ప్రశ్న: ‘మీరేమిట్లు?’ ఆ జవాబు నిన్నటిదాకా బ్రోకరు డైరీలోనే ఉండేది. ఇప్పుడు రియల్ ఎస్టేట్ ఏజెంట్లు కస్టమర్ల వివరాలను సీఆర్ఎం సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తున్నారు. ఎంచుకునేటప్పుడు చూసేది ధర, వాట్సాప్ సౌకర్యం, రిమైండర్లు. అసలు చూడాల్సింది వేరే ఉంది. జోహో, సేల్స్‌ఫోర్స్ వంటి వాటిలో ఏజెంటు తనకు కావలసిన గడిని తానే చేర్చుకోవచ్చు. అందులో ‘కులం’ చేరితే, ఒక్క ఫిల్టర్‌తో దళితులు జాబితా నుంచి మాయమవుతారు. ఇల్లు ఖాళీగా ఉందన్న కబురే వారికి అందదు. ‘ఇవ్వం’ అని ముఖం మీద చెప్పే మనిషీ ఉండడు. మరి అట్రాసిటీ కేసుకు సాక్ష్యమేది?

2019 డేటా రక్షణ బిల్లు కులాన్ని సున్నితమైన సమాచారంగా గుర్తించింది. 2023 చట్టం ఆ వర్గీకరణనే తీసేసింది. 2016 రెరా చట్టం ప్రాజెక్టుల్లో ఇళ్లు, ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంట్లకు రిజిస్ట్రేషన్ పెట్టింది. అద్దె బ్రోకర్లు దాని పరిధిలోకే రారు. అమెరికాలో 1968 గృహ వివక్ష నిరోధక చట్టం ఆధారంగానే 2022లో ఇళ్ల ప్రకటనల విషయంలో మెటా దారికి రావాల్సి వచ్చింది.

మన డిమాండ్లు రెండు: కులం, మతం గడులు నిషేధించాలి. ఏ ఇల్లు ఎవరికి చూపారో ఆ రికార్డు చెరపకుండా ఉంచాలి. వివక్షను దాచే సాఫ్ట్‌వేరే అప్పుడు సాక్ష్యమవుతుంది.