పర్మినెంట్ అయ్యేదాకా ఒళ్లు ఆగుతుందా?

మార్చి నెల సగం దాటిందంటే కొన్ని ఇళ్లలో మాటలు తగ్గిపోతాయి. పరీక్షలు పిల్లలవే అయినా అసలు పరీక్ష పెద్దవాళ్లది. కాంట్రాక్టు గడువు 31తో ముగుస్తుంది. కొనసాగింపు ఉత్తర్వులు వస్తాయా? వస్తే ఎప్పుడు? అందాకా జీతం సంగతేంటి? ‘పన్నెండేళ్లుగా ఏటా వస్తూనే ఉన్నాయి, ఈసారి ఎందుకు రావు’ అని పైకి అంటూనే రాత్రి రెండింటికి లేచి కూర్చుంటారు. మీ ఇంట్లో కాంట్రాక్టు లెక్చరరో, ఔట్‌సోర్సింగ్ కంప్యూటర్ ఆపరేటరో, స్టాఫ్ నర్సో, ల్యాబ్ టెక్నీషియనో ఉంటే ఇది మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

దీన్ని మనం ఉద్యోగ సమస్యగానో, రాజకీయ సమస్యగానో చూస్తాం. ఆరోగ్య పేజీలో దీనికేం పని అనిపించొచ్చు. కానీ నలభై దాటిన కాంట్రాక్టు ఉద్యోగి బీపీ, గ్యాస్, నిద్రలేమి అంటూ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, చీటీలో ఎక్కని కారణం ఒకటి వెనకాల ఉండే అవకాశం ఉంది. అదే ఎదురుచూపు.

పోవడం కంటే ‘పోతుందేమో’ కష్టం

లండన్‌లోని ప్రభుత్వ ఉద్యోగులను ఏళ్ల తరబడి గమనించిన వైట్‌హాల్ అధ్యయనంలో ఒక సంగతి బయటపడింది. అక్కడ ఒక శాఖను ప్రైవేటుపరం చేయబోతున్నారని తెలిసింది. అప్పటికింకా ఎవరి ఉద్యోగమూ పోలేదు. అయినా ఆ శాఖలోని పురుష ఉద్యోగులు చెప్పుకొన్న ఆరోగ్య పరిస్థితి మిగతా శాఖల వారితో పోలిస్తే దిగజారింది. 1995లో అచ్చయిన ఫలితం ఇది. ఏదో జరగబోతోందన్న కబురు ఒక్కటే సరిపోయింది.

2016లో లండన్ పరిశోధకులే మరో ప్రయోగం చేశారు. 45 మందితో కంప్యూటరు మీద ఒక ఆట ఆడించారు. తెర మీద రాయి తిప్పితే కింద పాము ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఉంటే చేతికి చిన్న కరెంటు షాక్. షాక్ తప్పదని తెలిసినప్పటి కంటే, తగులుతుందో లేదో సగం సగం అన్నప్పుడే వాళ్లలో ఒత్తిడి అత్యధికంగా కనిపించింది. చెమటలు, కంటిపాపల మార్పులు అన్నీ అదే చెప్పాయి. ఏటా మార్చిలో మన ఇళ్లలో తిప్పేది ఇలాంటి రాయే.

గుండె మాటేమిటి? 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ 13 అధ్యయనాలను, అంటే దాదాపు 1.74 లక్షల మంది వివరాలను కలిపి లెక్కగట్టిన పరిశోధనను ప్రచురించింది. ఉద్యోగ అభద్రత ఉందన్నవారిలో గుండె రక్తనాళాల జబ్బు ముప్పు మూడో వంతు దాకా ఎక్కువగా కనిపించింది. అయితే ఆర్థిక స్థితి, పొగతాగడం, బీపీ వంటివి లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా 19 శాతానికి తగ్గింది. కాబట్టి కాంట్రాక్టు ఉద్యోగమే గుండెపోటు తెచ్చిందని తేల్చేయడం సరికాదు. అలాగని కొట్టిపారేసే అంకె కూడా కాదు.

భయం ఒక్కటే కాదు, ఆశ కూడా

మన కాంట్రాక్టు ఉద్యోగిది లండన్ గుమాస్తా కంటే చిక్కు పరిస్థితి. అతనికి పోతుందన్న భయం మాత్రమే ఉంది. మనవాళ్లకు దాంతోపాటు ‘రేపో మాపో పర్మినెంట్’ అన్న ఆశ కూడా ఉంది. ఆ ఆశకు ఆధారం లేకపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1994లో చట్టం తెచ్చి, 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ల సర్వీసు ఉన్నవారిని క్రమబద్ధీకరించారు. తెలంగాణలో 2016లో జీవో 16 వచ్చింది. ఏడేళ్లు నానిన తర్వాత 2023 ఏప్రిల్ 30న 5,544 మంది పర్మినెంట్ అయ్యారు. ఏడాదిన్నర తిరిగేసరికి, 2024 నవంబరులో హైకోర్టు ఆ జీవోను, దానికి మూలమైన 10-ఎ సెక్షన్‌ను కొట్టేసింది. అప్పటికే పర్మినెంట్ అయినవారిని కదపలేదు గానీ, వెనక వరుసలో ఉన్నవారికి ఆ దారి మూసుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో 30వ నంబరు చట్టం చేశారు. ఎన్నికలు వచ్చేనాటికి అందరికీ ఉత్తర్వులు అందలేదు.

రెండు రాష్ట్రాల్లోనూ గీత గీసింది 2014 జూన్ 2 దగ్గరే. మే నెలలో చేరినవారు, జూలైలో చేరినవారు ఒకే గదిలో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఒకే పని చేస్తుంటారు. ఒకరికి దారి ఉంది, మరొకరికి లేదు. ఇక ఏజెన్సీల ద్వారా వచ్చిన ఔట్‌సోర్సింగ్ వారికి ఈ చట్టాలు అసలు వర్తించవు. ఈ తేడా తెలియని కుటుంబాలు ఎన్నో! ‘కాంట్రాక్టు వాళ్లను పర్మినెంట్ చేస్తారట’ అని టీవీలో స్క్రోలింగ్ రాగానే ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి ఇంట్లోనూ స్వీట్లు తెస్తారు. వారం తిరక్కుండానే నీరుగారిపోతారు. ముందుగా నియామక పత్రం తీసి చూడండి. మంజూరైన పోస్టులో ప్రభుత్వమే నియమించిందా, ఏజెన్సీ పంపిందా అన్నది అందులోనే ఉంటుంది. సుప్రీంకోర్టు 2006 నాటి ఉమాదేవి తీర్పులోనూ మంజూరైన పోస్టులో పదేళ్ల సర్వీసు అన్నదే కీలకం. కేంద్ర జల సంఘంలో ఏళ్ల తరబడి ఊడ్చే పని, తోట పని చేసి తొలగింపునకు గురైనవారి కేసులో 2024 డిసెంబరులో అదే కోర్టు వారిని తిరిగి తీసుకుని క్రమబద్ధీకరించమంది. ఉమాదేవి తీర్పును అడ్డం పెట్టుకుని నిరంతరం సాగే పనిని తాత్కాలికం అనడం కుదరదంది. ఆశకు ఇది మరో ఆధారమే. కాకపోతే కోర్టు దారి కూడా ఏళ్లతో పని.

నన్నడిగితే, ఎన్నికల ముందు హామీ, ఆ తర్వాత కమిటీ, ఆ తర్వాత నిశ్శబ్దం అనే ఈ తిరుగుడును కూడా ఆరోగ్యానికి చేటు చేసేవాటిలో చేర్చాలి. పూర్తిగా లేదని చెప్పినా మనిషి ఏడ్చి, తేరుకుని వేరే దారి చూసుకుంటాడు. ఊరించినప్పుడు అది కూడా చేయలేడు.

వాయిదా పడేవి ఇవీ...

ఇంట్లో ఏమేం ఆగిపోయాయో ఒకసారి చూసుకోండి. హెర్నియా ఆపరేషన్ ‘రెన్యువల్ అయ్యాక’. మోకాలి ఎంఆర్‌ఐ ‘ఏరియర్స్ వచ్చాక’. జ్వరం వచ్చినా సెలవు పెడితే సారు దృష్టిలో పడతామని మాత్ర వేసుకుని డ్యూటీ. పెళ్లయి నాలుగేళ్లయినా ‘పర్మినెంట్ అయ్యాకే పిల్లలు’. ఇది మరీ బాధాకరం. వయసు జీవో కోసం ఆగదు.

ఇందులో కొంత భయం అనవసరమైనది. గడిచిన 12 నెలల్లో 80 రోజులు పనిచేసిన మహిళకు తొలి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు చట్టప్రకారం దక్కుతుంది. మధ్యలో కాంట్రాక్టు గడువు తీరిపోయినా ఆ ప్రయోజనం ఆగదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఏజెన్సీ ద్వారా పనిచేస్తూ జీతం రూ.21 వేలలోపు ఉంటే సాధారణంగా ఈఎస్‌ఐ ఉంటుంది. చందా షరతు నెరవేరితే, జబ్బు పడినప్పుడు ఏడాదికి 91 రోజుల దాకా రోజు వేతనంలో 70 శాతం నగదుగా ఇస్తారు. చాలా ఇళ్లలో ఈఎస్‌ఐ అంటే మందుల డిస్పెన్సరీ అనే అనుకుంటారు, ఈ డబ్బు సంగతి తెలియదు. ఏజెన్సీ మారినప్పుడల్లా చందా కడుతున్నారో లేదో చూసుకోవాలి, పీఎఫ్ పాస్‌బుక్‌తో పాటే. జీతం 21 వేలు దాటితే ఆ చందా కాలం ముగిశాక ఈఎస్‌ఐ ఆగిపోతుంది. జీతం పెరిగిందన్న సంతోషంలో ఇది మర్చిపోతాం. ఆ గడువులోగానే కుటుంబానికి ఆరోగ్య బీమా తీసుకోండి.

ఇంట్లోవాళ్లు చేయగలిగిందీ కొంత ఉంది. సాయంత్రం గుమ్మంలో అడుగుపెట్టగానే ‘ఏమైనా తెలిసిందా?’ అని అడగడం మానండి. ప్రేమతోనే అడుగుతారు, కానీ ఆ మనిషి రోజంతా తప్పించుకు తిరిగిన ప్రశ్న అదే. బంధువుల పెళ్లిలో బాబాయిలు, మేనత్తలు ఎలాగూ వదలరనుకోండి! సంఘం వాట్సాప్ గ్రూపును రాత్రి తొమ్మిది తర్వాత చూడకుండా ఉండగలిగితే నిద్ర కొంత దారికొస్తుంది. ‘పక్కా సమాచారం’ అంటూ అర్ధరాత్రి వచ్చే మెసేజీల్లో పక్కావి ఎన్నో మీకే తెలుసు.

డాక్టరుకు ఉద్యోగం పేరు చెప్పి ఊరుకోకండి. కాంట్రాక్టు అని, మార్చి వస్తే నిద్ర పట్టదని కూడా చెప్పండి. బీపీ ఒక్కసారి చూపించి మందులు మొదలుపెట్టడం కంటే వారం రోజులు ఉదయం, సాయంత్రం ఇంట్లో కొలిచి ఆ కాగితం పట్టుకెళ్లడం మేలు. కానీ 180/120 దాటినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మాట తడబడినా వారం ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రెండు వారాలకు మించి దిగులు, చిరాకు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే మానసిక వైద్యుణ్ని కలవాలి. బతకాలని లేదన్న మాట నోట వచ్చిందా, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. టెలి మానస్ నంబరు 14416 రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఫోను ఆ ఉద్యోగే చేయాలని లేదు, ఆయన గురించి భార్య చేసినా, తల్లి చేసినా వింటారు.