పండుకి ఇల్లు కావాలి

పోయిన నెల గ్రూపుల్లో పండు ఫొటో పెట్టిన దగ్గర్నుంచి "అక్కా, ఆ కుక్కపిల్ల ఎలా ఉంది?" అని రోజూ మెసేజీలే. ఊళ్ళో ఉన్న అమ్మలూ, అత్తలూ కూడా వాయిస్‌లు పెడుతున్నారు. అందరికీ కలిపి ఇక్కడే చెబుతా.

తెలియనివాళ్ళ కోసం: దజీజ్ అంటే కువైట్ ఎయిర్‌పోర్టు పక్కనే గోడౌన్లు, కంపెనీ ఆఫీసులు, పెద్ద పెద్ద సూపర్ మార్కెట్లు ఉండే చోటు. అక్కడ ఒక గోడౌన్ వెనక అట్టపెట్టెల మధ్య దొరికింది పండు. ఆడపిల్ల. అప్పటికి రెండు నెలలు ఉంటాయన్నారు డాక్టరు. ఒళ్ళంతా పిడుదులు, ముందు కాలు విరిగి ఉంది. ఇప్పుడు కాలికి కట్టు విప్పేశారు. కొంచెం కుంటుతుంది గానీ, గిన్నె చప్పుడు వింటే మాత్రం పరుగే!

నేను చేస్తున్నది పెంచుకోవడం కాదండీ, ఫోస్టరింగ్. అంటే కోలుకునేదాకా సాకి, తర్వాత శాశ్వతమైన ఇంటికి అప్పగించడం. పుట్టింట్లో చూసుకుని అత్తారింటికి పంపినట్టన్నమాట.

చాలామంది అడిగారు, కిందకి తీసుకెళ్ళి ఎందుకు తిప్పట్లేదని. టీకాలు పూర్తి కాలేదు. కుక్కపిల్లలకి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు వచ్చేదాకా వేయించాలి. ఈలోపు పార్వో వైరస్ తగిలితే వాంతులు, రక్త విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి ఉంటుంది.

తిండి సంగతి కూడా చెప్పాలి. మనకి అలవాటేగా, మిగిలిన పులుసన్నం పెట్టేస్తాం. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకి విషం. ఆవుపాలు చాలా పిల్లలకి అరగవు. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెనూ అన్నం కొంచెం కొంచెంగా పెడితే చాలు.

ఇక అసలు విషయం. పండుని ఇప్పటికి ముగ్గురు అడిగారు. ముగ్గురికీ కాదన్నాను. "ఇల్లు కావాలంటుంది, అడిగితే ఇవ్వదు" అని ఒకరు అన్నారట. అందుకే చెబుతున్నా.

ఒకరు బాబు పుట్టినరోజుకి బహుమతిగా ఇద్దామన్నారు. ఇంట్లో ఆవిడకి కుక్కలంటేనే భయం. కుక్క పన్నెండు, పదిహేనేళ్ళు బతుకుతుంది. బాబు మోజు అన్నాళ్ళు ఉంటుందా?

ఇంకొకరు కాపలాకి మేడ మీద కట్టేస్తామన్నారు. 2016 జూలై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు పదకొండు నుంచి నాలుగు వరకు ఎండలో పని చేయించకూడదని మనుషులకే రూలుంది. కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పి చల్లబడాలి. మేడ మీద ఎలా బతుకుతుంది?

మూడో ఆమె చాలా మంచిది. కానీ అకామా ఆరు నెలలే ఉంది, తర్వాత ఊరెళ్ళిపోతారు. "అప్పటికి ఎవరికో ఒకరికి ఇచ్చేస్తాలే" అన్నారు. ఆ ఎవరో ఒకరు దొరక్కపోతే పండు మళ్ళీ అట్టపెట్టెల దగ్గరికే.

మన బతుకులే అకామా మీద ఉన్నాయి, కుక్కని ఎలా పెంచుతామంటారా? నిజమే. అందుకే మనలాంటివాళ్ళకి ఫోస్టరింగ్ నయం. రెండు మూడు నెలలు మాటిస్తే చాలు. పెంచుకునేవాళ్ళయితే ఇంటి ఓనరు అనుమతి కాగితం మీద తీసుకోండి. ఊరెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళే ఉద్దేశం ఉంటే ముందే మైక్రోచిప్, రేబీస్ టీకా వేయించాలి. ప్రయాణానికి కనీసం నెల ముందే ఆ టీకా పడాలి. ఇండియా పశు క్వారంటైన్ శాఖ అనుమతి కావాలి. కుక్కల్ని దించడానికి అనుమతి ఉన్న ఎయిర్‌పోర్టుల్లో హైదరాబాద్, చెన్నై, బెంగళూరు ఉన్నాయి. టికెట్టు కొనేముందే రూల్స్ కనుక్కోండి.

కఫీల్ ఇళ్ళలో పనిచేసే చెల్లెళ్ళు "మేమేం చేయగలం అక్కా?" అని అడిగారు. మామాని అడిగి గేటు పక్క నీడలో ఒక ప్లాస్టిక్ గిన్నెతో నీళ్ళు పెట్టండి. రేకు గిన్నె వద్దు, కాలిపోతుంది. అంతే చాలు తల్లీ.

ఊళ్ళో ఉన్నవాళ్ళకీ ఒక మాట. 2025 ఆగస్టులో హైదరాబాద్ జలగం వెంగళరావు పార్కులో జీహెచ్ఎంసీ వీధికుక్క పిల్లల దత్తత మేళా పెట్టింది. వేలు పోసి జాతికుక్కని కొనేముందు మీ వీధిలో పిల్లల్ని ఒక్కసారి చూడండి. మన ఎండకి, మన తిండికి అలవాటు పడ్డవి అవే.

పండుని నిజంగా కావాలనుకునేవాళ్ళు మీ గ్రూపు అడ్మిన్‌కి నాలుగు ముక్కలు రాసి పంపండి: ఇంట్లో ఎవరెవరున్నారు, అందరికీ ఇష్టమేనా, పగలు ఎవరుంటారు, కువైట్ వదిలితే ఏం చేస్తారు. నాలుగోదానికి జవాబు ఉన్నవాళ్ళకే మొదట ఫోన్ చేస్తాను.