పెరిగిన ఎయిర్‌పోర్టులో మా వంతు ఎంత?

గద్వాల, వనపర్తి నుంచి పట్నం పోయే బస్సు జడ్చర్ల, షాద్‌నగర్ దాటి శంషాబాద్ మీదుగా పోతుంది. అచ్చంపేట నుంచి బయల్దేరిన బస్సు కల్వకుర్తి, కడ్తాల్ దాటి తుక్కుగూడ మీదుగా పోతుంది. ఈ రెండు తోవల నడుమ ఉన్నదే రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం. మా మూడు జిల్లాల మనుషులు కూలికి పోయినా, పరీక్షకు పోయినా, ఉస్మానియా దవాఖానకు పోయినా దాని ఏదో ఒక పక్క నుంచే పోవాలి. కిటికీలోంచి తల బయటపెట్టి విమానం కడుపు చూడటం, మళ్లీ ఒళ్లో సంచి సర్దుకొని కూర్చోవడం 2008 నుంచి మాకు అలవాటే.

ఆ విమానాశ్రయం ఇప్పుడు పెరిగింది. తెరిచిననాడు ఏడాదికి 1.2 కోట్ల మంది ప్రయాణికుల కోసం కట్టారు. వేల కోట్లు పెట్టి విస్తరించి 3.4 కోట్ల మందికి సరిపడేలా చేశారు. 2023-24లో అక్కడి నుంచి వచ్చిపోయినవాళ్లు రెండున్నర కోట్లు. కొత్త గేట్లు, కొత్త కౌంటర్లు, సామాన్లు మోసే కొత్త బెల్టులు వచ్చాయి. రేపు ఇంకా పెరుగుతుంది. పెరగొద్దని మేం అనడం లేదు. విమానం మీద మాకు పగ లేదు. మేం అడిగేది ఒక్కటే. ఇంత పెరిగిన చోట లంబాడీల వంతు ఎంత, చెంచుల వంతు ఎంత, ఎరుకల వంతు ఎంత?

ఈ మాట అనగానే, అది ప్రైవేటు కంపెనీది, వాళ్ల పైసలు, వాళ్ల ఇష్టం అంటారు. చదువుకున్న మా పిల్లలు కూడా అంటారు. అందుకే లెక్కలోకి దిగుదాం.

ఆ విమానాశ్రయం కింద ఉన్నది దాదాపు 5,500 ఎకరాలు. ఆ భూమిని ప్రభుత్వం సేకరించి లీజుకిచ్చింది. అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 315 కోట్లు వడ్డీ లేని అప్పు ఇచ్చింది, ఇంకో 107 కోట్లు గ్రాంటుగా ఇచ్చింది. వడ్డీ లేని అప్పు! మా తండాలో విత్తనాలకు అప్పు తెచ్చుకునే రైతు ఈ వాక్యం చదివితే అచ్చుతప్పు అనుకుంటాడు. కంపెనీలో రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం, కేంద్రం చేతిలోని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 13 శాతం వాటా ఉంది. అంటే నూటికి 26 వంతులు జనానివే. పైగా 150 కిలోమీటర్ల లోపల పాతికేండ్ల దాకా పోటీగా ఇంకో అంతర్జాతీయ విమానాశ్రయం రానివ్వమని ప్రభుత్వం ఒప్పందంలో రాసిచ్చింది. విస్తరణకు పెట్టిన ఖర్చు కూడా ఊరికే పోదు. ఏరా అనే నియంత్రణ సంస్థ లెక్కగట్టి ఖరారు చేసిన చార్జీల రూపంలో టికెట్ల మీద తిరిగి వసూలవుతుంది. భూమి జనానిది, అప్పు జనానిది, పోటీ లేకుండా కాపాడింది జనం ప్రభుత్వం, ఖర్చు కట్టేది ప్రయాణికుడు. ఇన్ని ఉన్నచోట నౌకరీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రైవేటు!

అంతకుముందు బేగంపేట ఉండేది. దాన్ని నడిపింది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ. అది ప్రభుత్వ రంగ సంస్థ కాబట్టి దాని నియామకాల్లో ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్ వర్తిస్తుంది. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచారు, బేగంపేటలో పౌర విమానాలు ఆపేశారు. ఆ నెలలోనే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు హైదరాబాద్, బెంగళూరు పాత విమానాశ్రయాలు మూయొద్దని దేశమంతా సమ్మె చేశారు. పేపర్లు దాన్ని ప్రయాణికుల ఇబ్బందిగా రాశాయి. ఆ గేటుతో పాటు ఒక రిజర్వేషన్ తలుపు కూడా మూతపడుతోందని మన సంఘాలు గట్టిగా చెప్పలేకపోయాయి. ఆ తప్పులో మనకూ భాగం ఉంది.

ఇంకో సంగతి. 2004 మే నెలలో కేంద్రంలో యూపీఏ అధికారంలోకి వచ్చినప్పుడు, తన కనీస ఉమ్మడి కార్యక్రమంలో ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల మీద చర్చ మొదలుపెడతామని రాసుకుంది. అదే ఏడాది డిసెంబర్ 20న శంషాబాద్ విమానాశ్రయం ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఒక చేత్తో రాసిన మాట ఇంకో చేత్తో పెట్టిన సంతకంలోకి ఎక్కలేదు. ఏండ్లు గడిచాయి, కేంద్రంలో ప్రభుత్వం మారింది, ఇక్కడ రాష్ట్రమే వేరుపడింది. ప్రైవేటు రంగంలో ఎస్టీ రిజర్వేషన్ చట్టం మాత్రం ఇప్పటికీ లేదు.

మెరిట్ అనేవాళ్లకు ఒక పిల్లగాడి సంగతి చెప్తాం. అచ్చంపేట దిక్కు తండా. డిప్లొమా పాసైనాడు. ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ స్టాఫ్ ఉద్యోగం ఉందని పట్నంలో ఒక ఏజెంటు యూనిఫాం ఫొటో చూపించాడు. తల్లి మేకలు అమ్మి పైసలు కట్టింది. పదిహేను రోజుల ‘ట్రైనింగ్’ అయ్యాక ఏజెంటు ఆఫీసుకు తాళం పడింది. ఆ పిల్లగాడు ఇప్పుడు హైవే పక్క గోదాములో పార్సిళ్లు దించుతున్నాడు. ప్రభుత్వ నౌకరీ అయితే నోటిఫికేషన్ ఉంటుంది, రోస్టర్ ఉంటుంది, తనకు పాయింట్ ఉందో లేదో చూసుకునేవాడు. ఇక్కడ ఖాళీ ఎక్కడుందో, ఎవరు నింపుతున్నారో తెలియదు. ఆ చీకట్లోనే ఏజెంట్లు బతుకుతారు. మెరిట్ చూపించుకోవడానికి ముందు గుమ్మం ఎక్కడుందో తెలియాలి కదా.

కంపెనీ తరఫున శిక్షణ కేంద్రాలు నడుపుతున్నారు, సేవ చేస్తున్నారు అంటారు. నడుపుతున్నారు, కాదనం. కుట్టుపని నేర్పినా, కరెంటు పని నేర్పినా మంచిదే. కానీ మేం మాట్లాడేది దానం గురించి కాదు.

విమానాశ్రయంలో వాటా అడగటం లోకంలో ఎక్కడా లేని మాట కూడా కాదు. అమెరికాలో అట్లాంటా నగరానికి 1974లో తొలి నల్లజాతి మేయరుగా మేనార్డ్ జాక్సన్ వచ్చాడు. అప్పుడక్కడ విమానాశ్రయాన్ని భారీగా విస్తరించే పని ఉంది. ఆ కాంట్రాక్టుల్లో నల్లవాళ్లకు, ఇతర మైనారిటీలకు దాదాపు నాలుగో వంతు దక్కాలని పట్టుబట్టాడు. ఆలస్యమవుతుంది, ఖర్చు పెరుగుతుంది, పని చెడిపోతుందని పెద్దవాళ్లంతా గోల చేశారు. ఆయన తగ్గలేదు. 1980లో కొత్త టెర్మినల్ తెరిచారు. అది ఈనాడు ప్రపంచంలో అత్యంత రద్దీ విమానాశ్రయాల్లో ముందు వరసలో ఉంది. పేరులో జాక్సన్ పేరు కూడా చేర్చారు. వాటా ఇస్తే రన్‌వే కుంగిపోలేదు.

మరి ఇక్కడ అడగాల్సింది ఎవరు? 13 శాతం వాటా ఉన్న రాష్ట్ర ప్రభుత్వం. 2022 సెప్టెంబర్‌లో ఎస్టీ రిజర్వేషన్‌ను 10 శాతానికి పెంచుతూ ఉత్తర్వు ఇచ్చిన ప్రభుత్వమే కదా అది. తన కొలువుల్లో 10 శాతం న్యాయం అనిపించినప్పుడు, తన భూమి మీద, తన అప్పుతో లేచిన చోట కనీసం ఎందరు గిరిజనులు పనిచేస్తున్నారో చెప్పమని అడగడానికి నోరెందుకు రాదు? పర్మినెంటు ఎందరు, కాంట్రాక్టు ఎందరు, సూపర్‌వైజరు కుర్చీలో ఎందరు, చీపురు పట్టినవాళ్లు ఎందరు? ఈ లెక్క బయటపెట్టాకే తర్వాతి విస్తరణ ఫైలు కదలాలి. వాటా కాగితం మీదికి రావాలి, లోపలి షాపులతో సహా.

మనలో మనకొక మాట కూడా ఉంది. దాచితే లాభం లేదు. రేపు ఎస్టీ వాటా అని ఒకటి వస్తే, డిగ్రీలున్న లంబాడీ పిల్లలు ముందు అందుకుంటారు. అప్పాపూర్ పెంట నుంచి, భౌరాపూర్ నుంచి చెంచు పిల్ల పదో తరగతి గట్టెక్కడమే పెద్ద పోరాటం. కాబట్టి చెంచులకు విడిగా వంతు ఉండాలని మేం ఇప్పుడే చెప్తున్నాం, తర్వాత కొట్లాడుకోకుండా. మన్ననూరు ఐటీడీఏ ఉన్నది ఇలాంటి పనికే. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. విమానాశ్రయంలో కన్వేయర్ బెల్టు బాగుచేసేందుకు, ఏసీ ప్లాంటు నడిపేందుకు, కరెంటు ప్యానెల్ చూసేందుకు కావాల్సింది అక్కడ చెప్పే మెకానికల్, ఎలక్ట్రికల్ చదువే. అంతే తప్ప ఆకాశం నుంచి ఊడిపడే విద్య కాదు.

టీచర్లకు ఒక మనవి. ఎయిర్‌హోస్టెస్ బొమ్మ ఒక్కటే చూపించకండి. అగ్నిమాపక సిబ్బంది, సాంకేతిక నిపుణులు, కార్గో గుమాస్తాలు, విమానాల దారి చూసే కంట్రోలర్లు కూడా ఉంటారని పదో తరగతిలోనే చెప్పండి. కంట్రోలర్ నౌకరీ ఇప్పటికీ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీదే, దానికి రిజర్వేషన్ ఉంది. బీఎస్సీలో లెక్కలు, ఫిజిక్స్ చదివినవాళ్లు ఆ పరీక్ష రాయొచ్చు. మన ఆశ్రమ పాఠశాలల్లో ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక పని. సమాచార హక్కు దరఖాస్తు రాయండి. కంపెనీకి కాదు, వాళ్లు మాకు వర్తించదని వాదిస్తారు. రాష్ట్ర ప్రభుత్వానికే రాయండి. ఆ కంపెనీలో మీ 13 శాతం వాటా తరఫున బోర్డులో కూర్చునేది ఎవరు, గిరిజనుల ఉద్యోగాల గురించి ఆయన ఏ సమావేశంలోనైనా ఒక్క ప్రశ్న అడిగాడా, అడిగితే ఆ మినిట్స్ నకలు ఇవ్వండి అని. రుసుము 10 రూపాయలు. గద్వాల నుంచి ఒకటి, వనపర్తి నుంచి ఒకటి, నాగర్‌కర్నూల్ నుంచి ఒకటి పోవాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు చేద్దాం.